బొమ్మరింటి చిట్టి పుస్తకాలు: సమస్య - పరిష్కారం

బొమ్మరిళ్లను ఎక్కువగా 1:12 కొలతలో కడతారు కాబట్టి, 24 సెంటీమీటర్ల ఎత్తున్న పుస్తకం అందులో 2 సెంటీమీటర్లకు దిగుతుంది. ఎత్తు, వెడల్పు తగ్గినంతగా కాగితం మందం తగ్గదు. చిట్టి పుస్తకాల తయారీలో ఎదురయ్యే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇదే.

పుస్తకం మూతపడకుండా నోరు తెరుచుకుని ఉంటోంది

మామూలు 80 జి.ఎస్.ఎం. (చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగే) ప్రింటర్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. పన్నెండింతలు చేసి చూస్తే అది 1.2 మిల్లీమీటర్ల అట్ట అవుతుంది. అట్టముక్కలనే పుటలుగా కుట్టిన పుస్తకం మూతపడాలని ఆశించడం అన్యాయం. 30 నుంచి 50 జి.ఎస్.ఎం. మధ్య ఉండే పల్చని కాగితాన్ని వాడాలి. అది ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఇరుక్కుంటే, పై అంచును మామూలు కాగితానికి అంటించి, రెండింటినీ కలిపి పంపాలి.

కాగితం పల్చగా ఉన్నా పుటలు బిరుసుగా నిలబడుతున్నాయంటే, కాగితంలోని పీచు సాగే దిశ వెన్నుకు అడ్డం తిరిగిందని అర్థం. కాగితాన్ని మడత పడకుండా ముందు పొడవు వైపు, తర్వాత వెడల్పు వైపు వంచి చూస్తే, ఒక వైపు తేలికగా వంగుతుంది. అలా వంగిన చోట మడత పెడితే గీత ఏ దిశలో పడుతుందో పీచు కూడా ఆ దిశలోనే ఉంటుంది. పుస్తకం వెన్ను ఆ దిశకు సమాంతరంగా వచ్చేలా పుటలను కత్తిరించుకోవాలి. పెద్ద పుస్తకంలో ఈ పొరపాటును పుటల బరువు కొంత కప్పిపుచ్చుతుంది గాని, చిట్టి పుస్తకంలో పుటలకు ఆ బరువే ఉండదు.

అట్ట వంకర పోయింది

నీరు కలిసిన తెల్ల జిగురు తగలగానే పైకాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. లోపలి వైపు కూడా కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. జిగురును పల్చగా పూసి, మైనపు కాగితాల మధ్య పెట్టి, పూర్తిగా ఆరేదాకా బరువు కింద ఉంచాలి. పుటలు ఒకదానికొకటి అతుక్కోవడానికీ జిగురు ఎక్కువ కావడమే కారణం.

అట్ట తెరుచుకోవడం లేదు, తెరిస్తే చిరుగుతోంది

అట్టముక్కకూ వెన్నుకూ మధ్య ఖాళీ వదలకపోతే ఇలా జరుగుతుంది. అర మిల్లీమీటరు మందమున్న అట్టకు రెండు వైపులా ఒక్కొక్క మిల్లీమీటరు ఖాళీ చాలు. అలమారలో వరుసగా నిలబెట్టే పుస్తకాలు తెరుచుకోవలసిన పని లేదు. వాటికి చెక్కముక్క మీద అట్ట అంటించినా ఎవరికీ తెలియదు.

అక్షరాలు అలుక్కుపోయాయి

తడి తగిలి రంగు పాకితే తప్పు ఇంక్‌జెట్ సిరాది. లేజర్ ముద్రణకు ఆ బెడద ఉండదు. మడత దగ్గర పొడి సిరా రాలి తెల్లగీత పడితే అదే రంగు పెన్సిలుతో దిద్దితే సరిపోతుంది. తడి తగలకపోయినా అక్షరం మసకగా ఉంటే కారణం కొలతే. 12 పాయింట్ల అక్షరం పన్నెండో వంతుకు తగ్గితే 1 పాయింటు అవుతుంది, 600 డి.పి.ఐ. (అంగుళానికి 600 చుక్కల) ముద్రణలో దాని ఎత్తుకు ఎనిమిది చుక్కలే దక్కుతాయి, వాటిలో గుడులు, ఒత్తులు ఇమడవు. చదవాలనుకుంటే కొలతను సడలించి అక్షరం పెంచాలి, లేదా సన్నని కలంతో చేత్తో రాయాలి. 1924లో పూర్తయి విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా 1:12 కొలతలోనిదే; అందులోని గ్రంథాలయం కోసం ఆనాటి రచయితలు స్వహస్తాలతో చిట్టి పుస్తకాలు రాసి ఇచ్చారు.

పుస్తకం మొత్తం అనుకున్నదానికంటే చిన్నగా వస్తే, ముద్రించేటప్పుడు పేజీకి సరిపెట్టే ఎంపికను తీసేసి 100 శాతం పెట్టాలి.

అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి

ఒకదానిలో ఒకటి దూర్చి మడిచిన పుటల్లో లోపలివి బయటకు పొడుచుకు వస్తాయి. అందువల్ల ముందే కొలతకు కత్తిరించకుండా, కుట్టిన తర్వాత, అట్ట వేయకముందే, స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో నొక్కకుండా పలుమార్లు కోయాలి.