పాత మదర్‌బోర్డుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు: డిస్‌ప్లే రానప్పుడు ఎక్కడ వెతకాలి

ఆఫీసుల నుంచి బయటికొచ్చిన డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలో ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే పిల్లల ఆటలకూ వీడియో ఎడిటింగ్‌కూ పనికొస్తాయని చాలామంది కొంటారు. కార్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ తెర నల్లగానే ఉంటుంది. షాపువాళ్లు ‘బోర్డు సపోర్ట్ చేయదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నిజమయ్యేది తక్కువ సందర్భాల్లోనే. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో తరం (2.0, 3.0 లాంటివి) తేడా దానికదే కార్డును ఆపదు. 3.0 కార్డు 2.0 స్లాట్‌లో 2.0 వేగంతో నడుస్తుంది. అడ్డం పడేవి ముఖ్యంగా కరెంటు, చోటు, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డులో నడిచే ప్రోగ్రామ్), డ్రైవర్ (విండోస్ నుంచి కార్డును నడిపే సాఫ్ట్‌వేర్). మొదటి రెండూ కొనకముందే చూసుకోవాల్సినవి.

ఇక్కడ ఉదాహరణగా డెల్ ఆప్టిప్లెక్స్ 7010ని తీసుకుంటున్నాం. 2012 నాటి ఈ మోడల్‌లో క్యూ77 చిప్‌సెట్ ఉంటుంది, రెండో తరం, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు పడతాయి. వేరే బోర్డు అయినా వెతికే వరుస ఇదే.

కొనకముందు

ముందుగా మూత తీసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లై) మీది స్టిక్కర్ చదవండి. 7010 మినీ టవర్‌లో 275 వాట్లు, చిన్న క్యాబినెట్ ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో 240 వాట్లు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈ సప్లైలలో గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 6 పిన్నుల వైరు ఉండదు. కాబట్టి కార్డు తన కరెంటు మొత్తం స్లాట్ నుంచే తీసుకోవాలి. కార్డు పెట్టే పొడుగాటి ఎక్స్16 స్లాట్ ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్నుల వైరు మరో 75, 8 పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తాయి.

అందుకే ఇలాంటి పెట్టెలకు మేం చెప్పేది ఒక్కటే: విడిగా పవర్ వైరు అడగని కార్డే కొనండి. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 రెండూ 75 వాట్లవి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లది, ఆర్‌ఎక్స్ 6400 53 వాట్లది, జీటీ 1030 30 వాట్లది. 1650 పేరుతోనే 6 పిన్నుల సాకెట్ ఉన్న రకాలూ ఉన్నాయి కాబట్టి పెట్టె మీది పేరు చూసి కాకుండా కార్డు అంచు చూసి కొనండి. 3050లో 8 జీబీ రకం వేరు, దానికి పవర్ వైరు తప్పనిసరి.

హార్డ్‌డిస్క్‌కు కరెంటిచ్చే సాటా వైరు నుంచి 6 పిన్నులకు మార్చే అడాప్టర్ కొనమని ఎవరైనా చెబితే వినకండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కో పిన్ను మోయగలిగేది 1.5 ఆంపియర్లు. అంటే మొత్తం 54 వాట్లు. 6 పిన్నుల సాకెట్ 75 వాట్ల దాకా లాగవచ్చు. ఆ తేడా అంతా కనెక్టర్ మీద వేడిగా పడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. పెద్ద కార్డే కావాలనుకుంటే ఎస్‌ఎంపీఎస్ మార్చండి. 7010 మినీ టవర్‌కు మామూలు 24 పిన్నుల ఏటీఎక్స్ సప్లై సరిపోతుంది. దాని తర్వాత వచ్చిన 9020లో మదర్‌బోర్డు కనెక్టర్ 8 పిన్నులది. దానికి 24 నుంచి 8కి మార్చే వైరు విడిగా కొనుక్కోవాలి.

ఇక చోటు. ఎస్‌ఎఫ్‌ఎఫ్ క్యాబినెట్‌లో సగం ఎత్తు కార్డులే పడతాయి, వాటి వెనక రేకు ఎత్తు సుమారు 80 మి.మీ. కార్డుతో పాటు పొట్టి రేకు కూడా ఇస్తున్నారో లేదో కొనేటప్పుడే అడగాలి. సెకండ్‌హ్యాండ్‌లో అది తరచూ పోయి ఉంటుంది, విడిగా దొరకడం కష్టం. మందం కూడా కొలవండి. ఒక స్లాట్‌కూ పక్క స్లాట్‌కూ మధ్య దూరం సుమారు 20 మి.మీ. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డుకు పక్కన ఖాళీ ఉండాలి. కొన్ని చిన్న క్యాబినెట్లలో ఎక్స్16 స్లాట్‌కు ఆనుకునే ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది, ఒంటి స్లాట్ కార్డు తప్ప అక్కడ మరేదీ దూరదు. స్లాట్ నుంచి హార్డ్‌డిస్క్ బోను దాకా పొడవు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని మార్కెట్‌కు వెళ్లండి.

7010లో పొడుగాటి స్లాట్లు రెండుంటాయి. నీలం రంగుది అసలైన ఎక్స్16. నల్లది చూడటానికి అంతే ఉన్నా లోపల పదహారుకు బదులు నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు), అదీ 2.0 వేగంతో. కార్డు నీలం దాంట్లోనే పెట్టాలి.

ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ తీసుకునేవాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ కార్డులకు ఉన్నవే నాలుగు లేన్లు. 4.0 బోర్డులో వాటికి సుమారు 8 జీబీ/సెకను దారి ఉంటుంది. 3.0లో అది సగమవుతుంది, 2.0లో 2 జీబీ/సెకనుకు పడిపోతుంది. కార్డులోని 4 జీబీ మెమరీ నిండగానే ఆట కుదుపులకు లోనవుతుంది. 7010లో ఐ5-3470 లాంటి మూడో తరం ప్రాసెసర్ ఉంటేనే నీలం స్లాట్ 3.0గా పనిచేస్తుంది. ఐ5-2400 ఉంటే అదే బోర్డు, అదే స్లాట్ 2.0 మాత్రమే. పూర్తి 16 లేన్లు వాడుకునే జీటీఎక్స్ 1650కి 2.0లోనూ 8 జీబీ/సెకను అందుతుంది కనుక పెద్ద నష్టం లేదు. పైగా 6400, 6500 ఎక్స్‌టీలలో వీడియో ఎన్‌కోడర్ (వీడియోను కుదించి రికార్డు చేసే భాగం) లేదు. స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లకు అది పెద్ద లోటు.

ఇంటెల్ ఆర్క్ కార్డులను ఇంత పాత బోర్డుల్లో పెట్టవద్దు. వాటికి యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) బూట్‌తో పాటు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) కూడా కావాలి. అది లేకపోతే వేగం బాగా తగ్గిపోతుంది. ఇంటెల్ సంస్థే 10వ తరం ప్రాసెసర్ నుంచి పైవాటికే వీటిని సూచిస్తుంది.

పాత కార్డు పేరుతో అంటగట్టే నకిలీలూ ఉన్నాయి. జీటీఎక్స్ 1050 టీఐ అని చెప్పి ఇంకా పాత చిప్‌కు ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే ప్రోగ్రామ్) మార్చి అమ్ముతారు. డబ్బు ఇచ్చేముందు షాపులోనే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

కార్డు పెట్టే పద్ధతి

1. పాత పద్ధతిలో, అంటే ఆన్‌బోర్డ్ డిస్‌ప్లేతో (మానిటర్ వైరు బోర్డుకే పెట్టి) కంప్యూటర్ ఆన్ చేసి, డెల్ సైట్ నుంచి చివరి బయోస్ వేయండి. 7010కి అది ఏ29. బయోస్ అప్‌డేట్ అయ్యేటప్పుడు కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, యూపీఎస్ మీద చేయండి.

2. పాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఏదైనా ఉంటే సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డ్రైవర్లను పూర్తిగా తొలగించే సాఫ్ట్‌వేర్) తీసేయండి.

3. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన ఛార్జి పోతుంది. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకండి.

4. కార్డును రెండు వైపులా సమానంగా నొక్కండి. స్లాట్ చివరి గొళ్లెం ‘టక్’మని పడాలి. వెనక రేకు స్క్రూ బిగించండి. స్క్రూ లేకపోతే మానిటర్ వైరు బరువుకే కార్డు వంగి కాంటాక్ట్ తప్పుతుంది.

5. మానిటర్ వైరును కార్డుకు పెట్టండి, బోర్డుకు కాదు. కార్డు పెట్టగానే బోర్డు మీది పోర్టులు మామూలుగా ఆగిపోతాయి. డిస్‌ప్లే రాలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం వైరు పాత చోటే ఉండిపోవడం.

మీ మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే ఇంకో చిక్కుంది. జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్విడియా కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ రాదు. డీవీఐకి తగిలించే చవక ప్లగ్గు పనిచేయదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టర్ కావాలి.

ఏం జరుగుతోందో చూసి కారణం పట్టడం

ఫ్యాన్లు కూడా తిరగకపోతే, లేక తిరిగి వెంటనే ఆగిపోతే కార్డు తీసి మళ్లీ ఆన్ చేయండి. కార్డు లేకుండా ఆన్ అయితే ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదు, లేదా కార్డు షార్ట్. ఇదే కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి చూస్తే రెండింటిలో ఏదో తేలిపోతుంది. కార్డు తీసినా ఆన్ కాకపోతే మూత తీసినప్పుడు ర్యామ్ గానీ ప్రాసెసర్ దగ్గరి 4 పిన్నుల వైరు గానీ కదిలి ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతూ, బీప్‌లు వస్తూ, తెర నల్లగా ఉంటే వినండి. అవార్డ్ బయోస్ ఉన్న అసెంబుల్డ్ బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే గ్రాఫిక్స్ లోపం. కార్డు తీసి బంగారు కాంటాక్ట్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బట్టతో తుడిచి మళ్లీ పెట్టండి. స్లాట్‌లోని దుమ్మును బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదితే తడి చేరుతుంది. తర్వాత బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తీసి అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. పదేళ్లు దాటిన బోర్డులో ఆ బ్యాటరీ ఎలాగూ అయిపోయి ఉంటుంది, కొత్తది వేయడమే మేలు.

విండోస్ వచ్చాక డిస్‌ప్లే బాగానే ఉండి, కంపెనీ లోగో, బయోస్ మాత్రం కనబడకపోతే అది ఫర్మ్‌వేర్ సంగతి. దీన్ని అర్థం చేసుకుంటే సగం సమస్యలు తీరతాయి. కంప్యూటర్ ఆన్ కాగానే తెర మీద బొమ్మ వేసేది డ్రైవర్ కాదు, కార్డులోనే ఉన్న చిన్న ప్రోగ్రామ్. పాత లెగసీ బయోస్‌కు ఒక రకం ప్రోగ్రామ్ కావాలి, యూఈఎఫ్ఐకి జీఓపీ అనే మరో రకం కావాలి. 2012కు ముందరి కార్డుల్లో చాలావాటికి జీఓపీ లేదు. వాటిని సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే యూఈఎఫ్ఐ భద్రతా సెట్టింగ్) ఆన్‌లో ఉన్న బోర్డులో పెడితే నల్ల తెరే. కొత్త కార్డులు అందుకు భిన్నంగా యూఈఎఫ్ఐ వైపే మొగ్గుతున్నాయి.

కార్డు తీసేసి ఆన్‌బోర్డ్ డిస్‌ప్లేతో ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. వీడియో విభాగంలో ‘ఆటో’ ఉంచండి. పాత కార్డయితే సెక్యూర్ బూట్ ఆపి, అడ్వాన్స్‌డ్ బూట్ ఆప్షన్స్‌లో లెగసీ ఆప్షన్ రామ్‌లు ఆన్ చేయండి. కొత్త కార్డయితే బూట్ మోడ్ యూఈఎఫ్ఐకి మార్చాలి. కానీ ఆగండి: విండోస్ లెగసీలో ఇన్‌స్టాల్ అయి ఉంటే మోడ్ మార్చగానే అది బూట్ కాదు. ముందు సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఏమని ఉందో చూడండి. లెగసీ అని ఉంటే డేటా బ్యాకప్ తీసి, విండోస్ 10లోని ఎంబీఆర్2జీపీటీ పనిముట్టుతో డిస్క్ మార్చి, ఆ తర్వాతే మోడ్ మార్చండి.

జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డుల్లో డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్ పెడితే విండోస్ వచ్చేదాకా తెర నల్లగా ఉండే లోపం ఉంది. హెచ్‌డీఎంఐ లేదా డీవీఐతో బూట్ చేసి ఎన్విడియా ఇచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నడపండి. ఆర్‌టీఎక్స్ 4060కి కూడా కొన్ని బోర్డుల్లో ఇలాంటి సమస్యకు విడిగా అప్‌డేట్ ఉంది.

మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డుల్లో, అంటే 2004–2007 ప్రాంతపు వాటిలో, కొన్ని కొత్త కార్డులు అసలు పలకవు. బయోస్ అప్‌డేట్‌తో సరికాకపోతే ఆ బోర్డు మీద ఇక ఖర్చు పెట్టకండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు ముందు వాడిన గోధుమ రంగు ఏజీపీ స్లాట్ ఉన్న బోర్డుకైతే ఈ కార్డులేవీ పట్టవు.

డిస్‌ప్లే వస్తుంది, డ్రైవర్ పడదు

విండోస్ 7, 8లకు ఎన్విడియా కొత్త డ్రైవర్లు 2021 అక్టోబర్‌తో ఆగాయి, 32 బిట్ విండోస్‌కు 2018లోనే ఆగాయి. 3050 6 జీబీ లాంటి తర్వాతి కార్డులకు వాటిలో దారే లేదు, 64 బిట్ విండోస్ 10 గానీ 11 గానీ వేయాల్సిందే. 1050 టీఐ, 1030లకు కూడా 2025 అక్టోబర్ తర్వాత కొత్త ఆటలకు తగ్గ డ్రైవర్లు రావు, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తాయి. అందుకే ఇప్పుడు కొనేవాళ్లకు ఆ రెండింటికన్నా 1650 మంచిది. కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ వాడేవాళ్లకు మరో గోడ ఉంది. 555 నుంచి వచ్చిన ఎన్విడియా డ్రైవర్లకు ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం అవసరం, ఆ ప్రాసెసర్లలో అది లేదు.

డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 వస్తే బోర్డు కార్డుకు తగినంత మెమరీ చిరునామాలు కేటాయించలేకపోయింది. బయోస్‌లో ‘అబవ్ 4జీ డీకోడింగ్’ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే వాడని సౌండ్, సీరియల్ పోర్టులను ఆపి చూడండి. కోడ్ 43 వస్తే డీడీయూతో శుభ్రం చేసి డ్రైవర్ మళ్లీ వేయండి. మళ్లీ అదే వస్తే కార్డు ఫర్మ్‌వేర్ మార్చినదో, చిప్ చెడిందో అయి ఉంటుంది.

ఆట మొదలైన కాసేపటికి కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. ఆట మాత్రమే మూసుకుపోతే వేడినీ డ్రైవర్‌నూ చూడండి.

అన్నీ పనిచేస్తున్నా వేగం రాకపోతే జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం అది 1.1 అని చూపించడం మామూలే. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు వేగం తెలుస్తుంది. 1650 లాంటి కార్డుకు ఎక్స్4 అని చూపితే నల్ల స్లాట్‌లో పెట్టారు, ఎక్స్8 అని చూపితే కార్డు సరిగా కూర్చోలేదు. అదీ సరిగానే ఉంటే ర్యామ్ చూడండి: ఒకే 8 జీబీ స్టిక్ ఉన్నచోట రెండు 4 జీబీ స్టిక్‌లను ఒకే జత స్లాట్లలో పెడితే డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి డేటా పంపే పద్ధతి) వస్తుంది, పాత ఐ5తో ఆడేటప్పుడు కుదుపులు తగ్గుతాయి.