రిలాక్సర్ మానేశాక చిక్కులా? జుట్టు తెగకుండా ఇలా తీయండి

రిలాక్సర్ (రింగుల జుట్టును తిన్నగా చేసే రసాయన క్రీము) మానేసి మూడు నాలుగు నెలలు దాటేసరికి చాలామంది అనే మాట ఒకటే, "ఈ చిక్కులు నా వల్ల కాదు, మళ్ళీ రిలాక్సర్ పెట్టించుకుంటాను" అని. కాస్త ఆగండి. మీ జుట్టు పాడైపోయి చిక్కుపడటం లేదు. ఒకే వెంట్రుకలో రెండు రకాల జుట్టు ఉండటం వల్ల చిక్కుపడుతోంది. కుదుళ్ళ దగ్గర రింగులు తిరిగిన కొత్త జుట్టు వస్తోంది, దాని కింద రిలాక్సర్‌తో తిన్నగా అయిపోయిన పాత జుట్టు వేలాడుతోంది. రిలాక్సర్‌లో ఉండేది గాఢమైన క్షారం, దాని పీహెచ్ చాలావరకు 12 పైనే, అది వెంట్రుక లోపలి బంధాలను శాశ్వతంగా మార్చేస్తుంది కాబట్టి ఆ భాగం మళ్ళీ రింగు తిరగదు, బలం కూడా తగ్గిపోతుంది. పాతదీ కొత్తదీ కలిసే ఆ అతుకు దగ్గరే వెంట్రుక ఎక్కువగా తెగుతుంది. కింద చెప్పేదంతా ఆ అతుకును కాపాడుకోవడానికే.

ఇంకో సంగతి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. తిన్నటి జుట్టులోంచి అవి జారి కింద పడిపోతాయి, రింగుల జుట్టులో మాత్రం పక్క వెంట్రుకలకు చుట్టుకుని అక్కడే ఉండిపోతాయి. అందుకే వారం పది రోజులు ముట్టుకోకుండా వదిలేస్తే కుదుళ్ళ దగ్గర అట్టకట్టేస్తుంది.

1. తల మీద నీళ్ళు పోసుకోకముందే మొదలుపెట్టండి
చిక్కుల తలను అలాగే షవర్ కింద పెడితే ముడులు ఇంకా బిగుసుకుంటాయి. ముందు జుట్టును నాలుగు నుంచి ఎనిమిది పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి, జుట్టు ఒత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ పాయలు చేసినా మంచిదే. ఒక్కో పాయకు కొబ్బరినూనె రాసి అరగంట ఉంచండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది.

2. మొదట వేళ్ళు, తర్వాతే దువ్వెన
అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. పాయ మీద కొంచెం నీళ్ళు చల్లి, కండిషనర్ ధారాళంగా పట్టించండి, వేళ్ళు జారాలి. నీళ్ళు కారేంత తడి వద్దు, బాగా తడిసిన పాత జుట్టు రబ్బరులా సాగి తెగుతుంది. ఒక చేత్తో ముడికి పైన, అంటే తల వైపు, పాయను గట్టిగా పట్టుకోండి. అప్పుడు లాగిన బరువు అతుకు మీద, కుదుళ్ళ మీద పడదు. రెండో చేత్తో కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రండి. ముడి తగిలితే కిందికి లాగకుండా ఇంకాస్త కండిషనర్ పెట్టి, వేళ్ళతో పక్కలకు విప్పండి, రాలిపోయి ఇరుక్కున్న వెంట్రుకలు వాటంతటవే బయటికొస్తాయి. వేళ్ళకు ఏమీ తగలడం లేదు అనుకున్నాకే వెడల్పు పళ్ళ దువ్వెన తీసుకోండి, అదీ కొసల నుంచే. పాయ అవగానే వదులుగా మెలితిప్పి క్లిప్పు పెట్టేసి పక్కదానికి వెళ్ళండి. మొదట్లో గంట పైనే పట్టొచ్చు, చేతులు నొప్పెడితే కాసేపు ఆపండి, విసుగులో దువ్వితే మాత్రం జుట్టు తెగిపోతుంది.

మధ్యమధ్యలో ఊడొచ్చిన వెంట్రుకలను చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది సహజంగా రాలినదే, టెన్షన్ పడకండి. బుడిపె లేని పొట్టి ముక్కలు ఎక్కువగా వస్తుంటే జుట్టు తెగుతోందన్నమాట, చేతి బలం తగ్గించండి.

3. కడిగేటప్పుడు పాయలు విప్పొద్దు
షాంపూ తల చర్మానికే, వేళ్ళ కొనలతో. జుట్టంతా నడినెత్తికి చేర్చి గుండ్రంగా రుద్దితే ఇంతసేపు పడ్డ కష్టం వృథా. నురగ కిందికి జారుతూ పాయలను శుభ్రం చేస్తుంది, అది చాలు. తర్వాత మళ్ళీ కండిషనర్. తుడిచేటప్పుడు టవల్‌తో రుద్దకుండా మెత్తటి కాటన్ బట్టతో అద్దండి.

4. రెండు స్నానాల మధ్య
కొత్త జుట్టు ముడుచుకుపోకుండా కొంచెం సాగి ఉంటే చిక్కులు బాగా తగ్గుతాయి. అందుకే తడి ఆరకముందే రెండుపాయల మెలికలు గానీ వదులు జడలు గానీ వేసి అలాగే ఆరనివ్వండి. రెండు రకాల జుట్టూ ఒకేలా కనిపించాలని వేడి ఇస్త్రీ వాడటం నాకైతే అస్సలు నచ్చదు, కొత్తగా వస్తున్న రింగులు కూడా పాడవుతాయి. రాత్రి పడుకునేటప్పుడు శాటిన్ బట్ట చుట్టుకోండి.

సన్న జడలు వేయించుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మించి ఉంచొద్దు. విప్పాక వెంటనే తడపకండి, కుదురు దగ్గర పేరుకున్న మురికినీ రాలిన వెంట్రుకలనూ నూనె పెట్టి వేళ్ళతో తీసేశాకే నీళ్ళు.

ఇక కత్తెర. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలకోసారి పాత కొసలు ఒకటి రెండు సెంటీమీటర్లు తీసేస్తూ ఉంటే చిక్కుపడే భాగం తగ్గుతూ వస్తుంది, పొడవు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఎంతకీ విడిపోని చిన్న ముడిని కూడా పదునైన కత్తెరతో, ఆ ముడి వరకే కత్తిరించండి.