క్రాఫిష్ సాగు - 4వ పాఠం: గడ్డి మేత కాదు

క్రాఫిష్ (రొయ్యకి దగ్గరి చుట్టమైన మంచినీటి జీవి) చెరువులో వరి దుబ్బులు ఉంచడం గురించి పోయిన పాఠంలో చెప్పాక చాలామంది గడ్డినంతా కోసి చెరువులోనే పరిచి నీళ్లు పెట్టేశారు. నీళ్లు డికాషన్ రంగుకి తిరిగాయి, కుళ్లు వాసన. తెల్లవారేసరికి క్రాఫిష్‌లు దుబ్బులెక్కి, నీటి పైకి వచ్చి వేలాడుతున్నాయి. అందుకే ప్రొటీన్ లెక్కలు వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఇది తేలాలి.

క్రాఫిష్ గడ్డిని కొరుకుతుంది, కానీ ఆ పీచులో దానికి దక్కే బలం కొంచెమే. కుళ్లే ఆకు మీద బాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. వాటిని తిని సన్నపురుగులు, నత్తలు పెరుగుతాయి. అసలు మేత అదీ. క్రాఫిష్ ఒంట్లో తయారు చేసుకోలేని కొలెస్ట్రాల్ కూడా ఆ పురుగుల నుంచే వస్తుంది.

కోసి పరిచిన గడ్డి ఒక్కసారిగా కుళ్లుతుంది. కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది. నీళ్లు వేడిగా ఉంటే మరీ త్వరగా. ఆపైన, పిల్లలు ఎదిగి ఆకలి పెరిగే వసంతానికి చెరువులో కుళ్లడానికి ఏమీ మిగలదు. అంటే మొదట ఊపిరాడదు, తర్వాత తిండి ఉండదు. వేళ్ల మీద నిలబడ్డ పచ్చి పైరు అలా కాదు, నెలల తరబడి కొద్దికొద్దిగా నీళ్లలోకి రాలుతుంది. అమెరికాలోని లూసియానాలో వరి దుబ్బులు మళ్లీ చిగురించాక, ఎండలు తగ్గే అక్టోబరులో నీళ్లు పెట్టేది ఇందుకే. తర్వాత గడ్డి మోపులు తెచ్చి వేద్దామనుకునేవాళ్లకీ ఇదే జవాబు: వద్దు. నిలబడ్డ పైరుకి ఏ మోపూ సాటి రాదు.

ఇప్పటికే నల్లబడిన చెరువైతే చెడ్డ నీళ్లు వదిలి కొత్త నీళ్లు పైనుంచి చిమ్మేలా పెట్టండి. ఆక్సిజన్ 3 పీపీఎంకి (లీటరు నీటిలో 3 మిల్లీగ్రాములకి) తగ్గకూడదు.

గుల్ల (ఒంటి మీది గట్టి పెంకు) సంగతి క్లుప్తంగా: గుల్ల విడిచే ముందు క్రాఫిష్ తినడం మానేస్తుంది, కంగారు పడి మేత వేయొద్దు. కొత్త గుల్లకి కావాల్సిన కాల్షియం ఎక్కువగా నీళ్ల నుంచే తీసుకుంటుంది. కాబట్టి మేతలో సున్నం కలపడం కంటే నీటి హార్డ్‌నెస్ (అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క) 50 పీపీఎంకి పైన ఉంచడం ముఖ్యం.

అభ్యాసం: పదిహేను రోజులపాటు సూర్యోదయానికి ముందే చెరువు అడుగున ఆక్సిజన్ కొలిచి రాసుకోండి. మధ్యాహ్నం అంకెలు నాకు వద్దు, అప్పుడు ఏ చెరువైనా బాగానే కనిపిస్తుంది. రోజూ నీళ్లలోంచి ఒక కుళ్లిన కాడ తీసి వేళ్ల మధ్య రుద్దండి. జిగట తగలాలి, అదే బాక్టీరియా పొర. తర్వాత దాన్ని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి విదిలించి, కదిలే పురుగుల్ని లెక్కపెట్టండి.