వడ్ల ట్రక్కు కట్టే ముందు: లైసెన్సు, బరువు లెక్క

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కోతలు మొదలయ్యాయంటే ట్రాక్టర్లన్నీ మిల్లు దారే. ముందు కాగితాలు చూడండి. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుకు ట్రాక్టరు ఖాళీ బరువు 7,500 కిలోలు దాటకూడదు. మన ట్రాక్టర్లతో ఆ బెడద లేదు. చిక్కంతా వెనక తగిలించే ట్రక్కు (ట్రైలర్)తోనే. దానికి వేరే ఆర్‌సీ ఉండాలి, ఇన్సూరెన్సులోనూ అది కనబడాలి. ట్రాక్టరు ఇంజను పాలసీ ఒక్కటీ చూసుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

ట్రక్కు ఆర్‌సీలో మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి. ఉదాహరణకు 6,000 కిలోల్లో 1,500 పోతే మిగిలేది 4,500, ఎత్తగలిగేది అంతే. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఐదు పుట్లు (4,250). ఆరో పుట్టి ఎత్తితే 600 కిలోలు ఎక్కువ. కేంద్ర చట్టం ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000, పైగా దించే ఖర్చు మీదే. పచ్చి వడ్లయితే బస్తాలు లెక్కపెట్టి నమ్మకండి, తేమకు బరువు పెరుగుతుంది. కాటా వేయించండి.

రెండు చక్రాల ట్రక్కులో బరువు వెనక్కి పోతే కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనక టైర్లకు పట్టు తప్పుతుంది. మరీ ముందుకు వేస్తే ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. ఇరుసు మీద నుంచి కాస్త ముందుకు సర్దండి.

ట్రక్కు తగిలించే పిన్నుకు క్లిప్పు, గొలుసు పెట్టండి. దమ్ములో (నీళ్లు పెట్టి బురద దున్నేటప్పుడు) విడదీసిన రెండు బ్రేకు పెడల్సును రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయండి. మరిచి ఒక్కటే తొక్కితే బండి పక్కకు లాగేస్తుంది, వెనక బరువుంటే బోల్తానే.