పాత ఫియట్ వ్యాగన్‌కు కార్బురేటర్ మార్చడం ఎలా? అసలు పని ఆ రెండు నట్ల కిందే ఉంది

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఫియట్ సఫారీ వ్యాగన్ బానెట్ ఎత్తితే చాలు, ఎవరో ఒకరు వచ్చి తొంగి చూసి "కార్బురేటర్ పోయింది, మార్చేయండి" అని తేల్చేస్తారు. కార్బురేటర్ అంటే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించేది. పాతది ఊడదీసి కొత్తది బిగిస్తారు. బండి వారం రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగిపోతుంది. కొత్త కార్బురేటర్ కూడా చెడ్డదే అనుకుని ఇంకొకటి కొంటారు. ఇంజిన్ మీద కార్బురేటర్ కూర్చునే సీటు వైపు మాత్రం ఎవరూ చూడరు. ఈ పనిలో కష్టమైన భాగం అదొక్కటే. తక్కినదంతా స్పానర్ పట్టడం వచ్చిన వారెవరైనా చేసుకోగలరు.

ముందు తప్పు నిజంగా కార్బురేటర్‌దేనా అని తేల్చుకోండి. ఇంజిన్‌లో నిప్పురవ్వ రగిలించే ప్లగ్గులు, పాయింట్లు, ఆ రవ్వ పడే సమయం (టైమింగ్) సరిచూడకుండా కార్బురేటర్ మీద చెయ్యి వేయకూడదు. అవి బాగుంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిలింగ్‌లో ఉంచండి. సూది తీసేసిన సిరంజితో కార్బురేటర్ అడుగు అతుకు చుట్టూ కొద్దికొద్దిగా నీళ్లు వదలండి. శబ్దం మారినా, ఇంజిన్ తడబడినా ఆ అతుకులోంచి గాలి లాగుతోందని అర్థం. కొందరు ఇదే పరీక్షకు పెట్రోలు చల్లుతారు. నడుస్తున్న ఇంజిన్ మీద, వేడి సైలెన్సర్ గొట్టం పక్కన పెట్రోలు చల్లడం నేరం. నీళ్లతోనే పని జరుగుతుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) ఇరుసును వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. చేతికి తెలిసేంత వదులు ఉంటే ఆ కార్బురేటర్ కాలం తీరిపోయింది. రిపేరు కిట్ వేసినా, జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) మార్చినా అది బాగుపడదు. పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుని, లోహం గుంటలు పడి ఉన్నా అంతే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కృష్ణా తీరపు గాలిలో తేమకు కొదవ లేదు. బండి నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉంటే ఆ తేమ గిన్నె లోహాన్ని తినేస్తుంది.

దాని స్థానంలో ఏది వేయాలి? అదే సోలెక్స్ (కార్బురేటర్ కంపెనీ పేరు) వేయాలి. పాతదైనా ఇరుసు బిగువుగా ఉన్నది వెతికి తెచ్చుకోండి. మారుతి 800 కార్బురేటర్‌ను మధ్యలో పలక పెట్టి దీనికి బిగించే పద్ధతి ఒకటి ఊళ్లో చాలాకాలంగా నడుస్తోంది. మైలేజీ పెరుగుతుందని చెబుతారు. అది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ కోసం చేసినది. ఫియట్‌ది 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. పైగా ఇది వ్యాగన్. వెనక సామాను నింపుకుని, ఐదుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ రెండూ చాలవు. ఆ పలకతో గాలి లాగే అతుకులు కూడా ఒకటికి రెండవుతాయి. మిగిలిన పెట్రోలు డబ్బులు మెకానిక్‌కే పోతాయి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: రింగు స్పానర్లు, మంచి స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకుల కట్ట), మందపాటి అద్దం ముక్క, 320 నంబరు ఎమెరీ కాగితం, అతుకుల మధ్య వేసే కొత్త గ్యాస్కెట్లు. పట్టకారు పెట్టెలోనే ఉండనివ్వండి. ఇత్తడి నట్ల మూలలు అరిగిపోయేది దానివల్లే. వేసవిలో ఈ పని తెల్లవారుజామున మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పార్కింగ్‌లో ఎండిన బండి మీద పని చేయకూడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు గొట్టం, చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కడ్డీ, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్నని గొట్టం ఇదే వరుసలో విప్పండి. ఒక్కొక్కటి తీసేముందు ఫోనులో ఫోటో తీసుకోండి. అడుగున ఉన్న రెండు నట్లు విప్పి కార్బురేటర్‌ను నిటారుగా పైకి ఎత్తండి. అది లేచిన మరుక్షణం ఇంజిన్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చిన్న వాషర్ లోపల పడినా హెడ్డు విప్పాల్సి రావచ్చు.

ఇక్కడ నెమ్మదించండి.

పాత గ్యాస్కెట్ ముక్కలను బ్లేడుతో కాకుండా చెక్కతోనో, మొద్దుబారిన ప్లాస్టిక్‌తోనో గీకి తీయండి. సీటు నున్నగా అయ్యాక నట్లు ఎక్కే రెండు స్టడ్ల (మరల కడ్డీల) మొదళ్లు చూడండి. ఏళ్ల తరబడి అతిగా బిగిస్తే స్టడ్డు తన చుట్టూ ఉన్న లోహాన్ని పైకి లాగేస్తుంది. కంటికి ఏమీ కనబడదు. వేలి కొసతో స్టడ్డు చుట్టూ నిమిరితే సన్నని గట్టు తగులుతుంది. కార్బురేటర్ ఆ రెండు గట్ల మీదే ఆనుతుంది, మధ్యలో సందు మిగిలిపోతుంది. స్టడ్లు తీసి, రంధ్రం కంటే పెద్ద డ్రిల్ బిట్టును చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పితే గట్టు పోతుంది. దీనికి మిషను వాడొద్దు.

తర్వాత కార్బురేటర్ అడుగు ఫ్లాంజి, అంటే సీటు మీద ఆనే అంచు. దాని ఒళ్లు మెత్తని జింకు మిశ్రమం. రెండు చెవుల దగ్గర బలంగా బిగిస్తే చెవులు కిందికి వంగుతాయి, నడుమ పైకి లేస్తుంది. ఫ్లాంజిని అద్దం మీద నిలబెట్టి ఫీలర్ గేజి దూర్చి చూడండి. 0.05 మిల్లీమీటరు రేకు బిగువుగా దూరితే కొత్త గ్యాస్కెట్ సర్దుకుంటుంది. 0.1 మిల్లీమీటరు రేకు సులువుగా దూరితే ఆ ఫ్లాంజిని అలాగే బిగించకూడదు. కొత్తది కొన్నప్పుడు కూడా షాపులోనే ఈ పరీక్ష చేయండి, వంకర ఉంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. మీ దగ్గర ఉన్న పాతదే అయితే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి, నీళ్లు చల్లి, ఎనిమిది అంకె దిద్దినట్టు మెల్లగా రుద్దండి. రెండు చెవుల మీదే మొదట మెరుపు వస్తుంది. ఆ మెరుపు నడుమదాకా ఒకేలా పరుచుకున్నాక ఆపేయండి. ఆ తర్వాత కార్బురేటర్‌ను విప్పి పెట్రోలుతో కడిగి, ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టించండి. ఎమెరీ పొడి ఒక్క రేణువు మిగిలినా ఐడిలింగ్ జెట్టు మూసుకుపోతుంది.

స్టడ్లు తీసి ఉంటే మళ్లీ బిగించి, ఇంజిన్ నోట్లోని గుడ్డ తీసేయండి. ఇక గ్యాస్కెట్, బేకలైట్ దిమ్మ, మళ్లీ గ్యాస్కెట్. వరుస ఇదే. ఆ దిమ్మను తీసేసి బిగించేవారు ఉన్నారు. ఇంజిన్ వేడి గిన్నెలోకి ఎక్కకుండా ఆపేది అదే. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో బండి ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే మొరాయించడానికి కారణం తరచుగా ఆ దిమ్మ లేకపోవడమే. గ్యాస్కెట్‌కు పేస్టు పూయొద్దు, ఒక్క చుక్క కూడా. పెట్రోలుకు అది కరిగి లోపలికి జారుతుంది. పేస్టు లేకుండా నిలవని అతుకంటే సీటు ఇంకా చదును కాలేదనే.

నట్లు రెండూ ముందు వేళ్లతోనే బిగించండి. తర్వాత పొట్టి స్పానర్‌తో ఒకదానికి పావు చుట్టు, రెండోదానికి పావు చుట్టు. స్ప్రింగ్ వాషర్ చదునుగా అణిగాక ఇంకో చిన్న పట్టు చాలు. పొడవైన స్పానర్ తీసుకుంటే చేతికి తెలియకుండానే బలం ఎక్కువవుతుంది. మీరు చదును చేసిన ఫ్లాంజి ఆ ఒక్క పట్టుకే మళ్లీ వంగుతుంది.

గొట్టాలు, కేబుళ్లు ఫోటో చూసుకుంటూ తగిలించండి. రబ్బరు గొట్టాలు పాతవి వద్దు, ఇథనాల్‌కు తట్టుకునేవి కొత్తవి వేయండి. ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, థ్రాటిల్ రేకు నిలువుగా తెరుచుకుంటోందా, వదలగానే మూసుకుంటోందా చూడండి.

గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూను సుతిమెత్తగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టండి. పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూశాకే స్టార్ట్ చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక స్క్రూను మెల్లగా తిప్పుతూ ఇంజిన్ అత్యంత వేగంగా, నున్నగా నడిచే చోటు పట్టుకోండి. ఆ తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించండి. వ్యాక్యూమ్ గేజి (ఇంజిన్ గాలి లాగే బలం చూపేది) ఉంటే ముల్లు గరిష్ఠంగా చూపే చోటే సరైనది. ఇప్పుడు మళ్లీ సిరంజి నీళ్ల పరీక్ష చేయండి. ఇంజిన్ శబ్దం మారకపోతే అతుకు నిలిచింది.

ఐడిలింగ్ బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజిన్ తుమ్ముతుంటే మెయిన్ జెట్టు ఒక మెట్టు పెద్దది వేయండి. బరువు లెక్కన మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ ఇథనాల్ పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లే చాలు. అంటే అంతే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి, నాటి జెట్టుతో నేటి మిశ్రమం పలచనవుతుంది.

పరీక్షకు కనకదుర్గ వారధి దాటి మంగళగిరి వైపు వెళ్లండి. వెనక సామాను పెట్టుకునే వెళ్లాలి, ఖాళీ వ్యాగన్ నిజం చెప్పదు. వెనక తలుపు మాత్రం తెరిచి నడపొద్దు. బండి వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. మిక్స్చర్ ఇంకా కుదరని రోజుల్లో ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద ఆ రెండు నట్లను అదే పొట్టి స్పానర్‌తో ఒకసారి సరిచూడండి. కదిలితేనే బిగించండి.