విపత్తు వేళ విదేశీ సాయం ఆగిపోకుండా మీ దేశ చట్టంలో ఏమేం చూడాలి

పెద్ద భూకంపం వచ్చిన కొన్ని గంటల్లోనే బయటి దేశాలు సాయం ప్రకటిస్తాయి. ఆ సాయం బాధితుల దాకా చేరుతుందా, పోర్టులోనే పడి ఉంటుందా అన్నది చాలావరకు మీ దేశ చట్టంలో ఉంది, కాబట్టి విపత్తు రాకముందే దాన్ని చదవండి.

విపత్తు నిర్వహణ చట్టం ఒక్కటే చదివితే చాలదు. "ప్రభుత్వం విదేశీ సాయం కోరవచ్చు" అని అందులో ఒక్క వాక్యం ఉంటే దానితో కంటైనర్ కదలదు, అందుకే కస్టమ్స్, వీసా, ఔషధ, టెలికాం చట్టాలు కూడా పక్కన పెట్టుకోండి.

ముందు, సాయం అడిగే అధికారం ఎవరిదో వెతకండి. బాధిత దేశం సమ్మతితోనే సాయం అందాలని ఐక్యరాజ్యసమితి 1991లో చేసిన 46/182 తీర్మానం చెబుతుంది. ఆ సమ్మతి ఎవరు ఇవ్వాలో చట్టంలో లేకపోతే ఫైలు శాఖల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఇండోనేషియా 2007లో విపత్తు చట్టం చేసి, విదేశీ సంస్థల కోసం 2008లో విడిగా నిబంధనలు తెచ్చింది, నమూనాగా చూడదగ్గవి.

ఎక్కువ సమయం కస్టమ్స్ మీద పెట్టండి. ఒక యాంటీబయాటిక్ పెట్టెనే తీసుకోండి: ఇన్వాయిస్ కావాలి, తీసుకునేవారి పేరు కావాలి, సుంకం మినహాయింపు పత్రం కావాలి, ఔషధ శాఖ అనుమతి కావాలి, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా డెమరేజ్ (సరుకు పోర్టులో ఆగినందుకు కట్టాల్సిన రుసుము) పెరుగుతూ పోతుంది. మినహాయింపు దానంతటదే వర్తిస్తుందా, ప్రతి సరుకుకీ దరఖాస్తు పెట్టాలా? సెలవు రోజు, రాత్రి పూట క్లియరెన్స్ ఇస్తారా? కస్టమ్స్ పద్ధతులపై దేశాల మధ్య ఉన్న సవరించిన క్యోటో ఒప్పందంలో సహాయ సరుకుల గురించి మంచి అధ్యాయమే ఉంది, కానీ దాన్ని దేశాలు విడిగా అంగీకరించాలి, ఒప్పందంలో చేరాం కదా అని ఊరుకోకండి.

అలాగని వచ్చినవన్నీ లోపలికి వదిలేయాలని కాదు. దానంగా వచ్చే మందులకు సాధారణంగా కనీసం ఏడాది ఎక్స్‌పైరీ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. పనికిరానివి తిప్పి పంపే హక్కు చట్టంలో ఉండాలి, లేకపోతే వాటిని పారబోసే ఖర్చు కూడా బాధితుల దేశం మీదే పడుతుంది.

మనుషుల సంగతీ అంతే. 2008లో నర్గీస్ తుఫాను తర్వాత మయన్మార్‌లో సహాయక సిబ్బంది వీసాల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. అత్యవసర వీసా, విదేశీ డాక్టర్ల డిగ్రీలకు తాత్కాలిక గుర్తింపు, శాటిలైట్ ఫోన్లకు అనుమతి ఉన్నాయేమో చూడండి. ఫోన్ల విషయంలో, విపత్తు వేళ టెలికాం పరికరాలు సరిహద్దు దాటడాన్ని సులభం చేసేందుకు 2005లో అమల్లోకి వచ్చిన టాంపెరే ఒప్పందంలో మీ దేశం ఉందో లేదో కూడా.

లోపాలు కనిపిస్తే రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ అంతర్జాతీయ సమావేశం విదేశీ విపత్తు సాయంపై 2007లో ఆమోదించిన మార్గదర్శకాలతో, 2013 నాటి నమూనా చట్టంతో ఒక్కో సెక్షన్ పోల్చి రాసుకోండి. "చట్టం బాగోలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ సెక్షన్‌లో ఏ మాట చేర్చాలో రాసి, మీ ప్రజాప్రతినిధికీ విపత్తు నిర్వహణ సంస్థకీ పంపండి. సవరణకు ఏళ్లు పడుతుందంటే, విపత్తు ప్రకటించగానే అమల్లోకి వచ్చేలా కస్టమ్స్ నోటిఫికేషన్ ముందే సిద్ధం చేసి పెట్టమని అడగండి, మినహాయింపులు ఎప్పుడు ముగుస్తాయో కూడా అందులోనే రాయమనండి.