కోరల్ ట్యాంకులో నీళ్లు నిలకడగా ఉంచడం ఎలా?

కోరల్స్, అంటే ఉప్పునీటి ట్యాంకులో పెంచే పగడపు జీవులు, దేన్నైనా కాస్త ఓర్చుకుంటాయి గానీ ఊగిసలాటను ఓర్చుకోలేవు. ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు, dKH అనే డిగ్రీల్లో కొలుస్తారు) 8 దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంటే చక్కగా విచ్చుకుంటాయి. ఇవాళ 7, ఎల్లుండి 10 అయితే ముడుచుకుపోతాయి.

ముందు నీళ్లు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు రెండూ వద్దు. వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను, వంటింటి ఆర్‌ఓ కూడా సరిపోవు. తాగే నీళ్లలో ఎంతోకొంత లవణాలు మిగిలే ఉంటాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ తగిలించి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 0 చూపించాకే వాడండి.

ఆ నీళ్లలో రీఫ్ సాల్ట్ (కోరల్ ట్యాంకుల కోసం చేసే సముద్రపు ఉప్పు మిశ్రమం) వేసి, బకెట్లో చిన్న పంపు పెట్టి తేటపడేదాకా తిప్పండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 రావాలి. వారానికోసారి ట్యాంకులో పదో వంతు నీళ్లు మారిస్తే చాలు.

మన హైదరాబాద్‌లో అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలే. నీళ్లమీదికి ఫ్యాను తిప్పితే పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి, 26 డిగ్రీల వైపు తేవడానికి అది సాయపడుతుంది. కానీ నీళ్లు తెగ ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి రోజూ తగ్గినమేర మంచినీళ్లే, అంటే ఆర్‌ఓ-డీఐ నీళ్లే, పోయాలి. నా 100 లీటర్ల ట్యాంకులో ఒక వేసవిలో వారంపాటు ఉప్పునీళ్లు పోశాను. 1.025 కాస్తా 1.028 దాటింది. జోవాంథిడ్‌లు (గుండీల్లా గుంపుగా ఉండే మెత్తని కోరల్స్) మొగ్గల్లా మూసుకుని, పది రోజులకు గానీ తెరుచుకోలేదు.

ఇక ఆల్కలినిటీ. రోజూ ఒకే వేళకు, లైట్లు వెలగకముందే, టెస్ట్ కిట్‌తో చూడండి. మూడు రోజులు ఏమీ వేయకుండా ఆగితే ఎంత తగ్గుతోందో తెలుస్తుంది. 200 లీటర్ల ట్యాంకులో 8.5 నుంచి 7.6కి పడితే రోజుకు 0.3 చొప్పున ఖర్చవుతున్నట్టు. 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా ఆల్కలినిటీని 1 డిగ్రీ పెంచుతుంది. అంటే ఈ ట్యాంకుకు రోజుకు 1.8 గ్రాములు. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకండి. సోడాను డీఐ నీళ్లలో కరిగించి, పంపు ధార దగ్గర మెల్లగా పోయండి. ఒక్క రోజులో 1 డిగ్రీకి మించి పెంచొద్దు.

కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఉండాలి. కాల్షియం క్లోరైడును సోడాతో కలిపి పోస్తే సున్నం కలిపిన నీళ్లలా తెల్లగా విరిగిపోతుంది. కనీసం అరగంట ఎడమివ్వండి. ఎంత వేసినా కాల్షియం, ఆల్కలినిటీ నిలవకపోతే మెగ్నీషియం తగ్గిందేమో చూడండి.

నైట్రేట్ 2–10, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంటే మంచిది. రెండూ సున్నాకు పడిపోతే కోరల్స్ పాలిపోతాయి.

కొనేముందు ఒక మాట. గట్టి అస్థిపంజరం ఉండే రాతి కోరల్స్, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. సముద్రంలోంచి విరిచి తెచ్చిన ముక్క ఎంత చౌకగా ఇస్తానన్నా ముట్టుకోకండి.